ఎనిమిదింటికి పడుకున్నవాళ్ళే నాలుగింటికి లేచారు

మూడేళ్ళ కిందట చెవి ముక్కు గొంతు డాక్టరు గారొకరు మా చిన్నోడిని చూసి, మందు చీటీ రాసేముందు నాకొక పని చెప్పారు. "రాత్రి బాబు నిద్రపోయాక ఫోన్లో వీడియో తీసి పట్టుకురండమ్మా. చొక్కా విప్పి తీయండి. ఛాతీ కనబడాలి."

ఆ రాత్రి పన్నెండు దాటాక లేచాను. టార్చి గోడ మీదికి తిప్పి పెట్టి, వాడి పక్కన కూర్చుని ఫోను పట్టుకున్నాను. నోరు తెరుచుకుని ఉంది. మెడ వెనక్కి వాల్చేశాడు. తలగడ చెమటకు తడిసిపోయింది. గురక పెడుతున్నాడు. ఉన్నట్టుండి గురక ఆగింది. గురక ఆగితే హాయిగా ఉండాలి కదా. కానీ పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ఛాతీ మధ్యలో గుంట పడుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. మనసులో లెక్కపెట్టాను. తొమ్మిది దాకా వచ్చాక, చెరువులో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారి గాలి పీల్చి, పక్కకు దొర్లి, మళ్ళీ గురక అందుకున్నాడు. కళ్ళు తెరవలేదు. నేను తీసిన నాలుగు నిమిషాల వీడియోలో అలా మూడుసార్లు జరిగింది.

రెండేళ్ళుగా వాడు నా పక్కలోనే అలా పడుకుంటున్నాడు. "గాఢ నిద్ర, అచ్చం మీ మామయ్య పోలిక" అని అత్తయ్య మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను. గురక పెడుతున్నాడంటే ఒళ్ళు మరిచి నిద్రపోతున్నాడని అనుకునే ఇళ్ళలో మాదీ ఒకటి.

ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. పిల్లవాడు మొండికేస్తే, చెప్పిన మాట వినకపోతే, చదివింది మరిచిపోతే, పక్క తడిపితే, చిన్నదానికీ ఏడిస్తే మనం వాడి బుద్ధిని అనుమానిస్తాం. తర్వాత పెంపకాన్ని అనుమానిస్తాం. ఆ తర్వాత బడిని, ఫోన్‌ని, ఆఖరికి దిష్టిని కూడా అనుమానిస్తాం. నిద్ర సంగతి మాత్రం ఎవరూ అడగరు. అన్నిటికంటే ముందు అడగాల్సింది అదేనని నా వాదన. ఇది చెప్పే హక్కు నాకు ఎలా వచ్చిందంటే, నేను అడగలేదు కాబట్టి.

అప్పుడు వాడు రెండో తరగతి. ఒకచోట కూర్చోడని, పక్కపిల్లల పెన్సిళ్ళు లాగేస్తాడని, అడిగితే అరుస్తాడని వాళ్ళ టీచర్ నుంచి వారం వారం ఫిర్యాదు. ఇంట్లో అన్నం ముందు గంటసేపు కూర్చునేవాడు. నోట్లో ముద్ద పెట్టుకుని నమలడానికి ఆయాసపడేవాడు (ముక్కు మూసుకుపోయినవాడు నోటితో ఊపిరి తీసుకోవాలా, అన్నం నమలాలా?). నాలుగో ఏటికే మానేసిన పక్క తడపడం ఆరో ఏట మళ్ళీ మొదలైంది. పొద్దున లేవగానే తలనొప్పి అనేవాడు. బడికి ఎగ్గొట్టడానికి నాటకమనుకున్నాను. ఒకరోజు పొద్దున, బస్సు వచ్చి హారన్ కొడుతుంటే, తడిసిన దుప్పటి చేత్తో పట్టుకుని వాడిని కొట్టాను. వాడు ఏడవలేదు. "నాకు తెలీకుండానే వచ్చిందమ్మా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను ఖమ్మం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పీయూష గ్రంథి బొమ్మ బోర్డు మీద కళ్ళు మూసుకుని వేయగలను. పెరుగుదల హార్మోను అక్కడినుంచే వస్తుందని ఏటేటా చెబుతాను. ఆ హార్మోను రోజంతా ఒకే ధారగా రాదు. నిద్ర పట్టిన తొలి గంటల్లో, గాఢ నిద్ర వేళ, పెద్ద ఎత్తున విడుదలవుతుంది. ఆ గాఢ నిద్ర మాటిమాటికీ తెగిపోయే పిల్లవాడు సరిగా ఎదగకపోవచ్చు. వీడు రెండేళ్ళలో కిలో కూడా పెరగలేదు. నేను బూస్టు డబ్బాలు మార్చాను.

జరిగేదేమిటంటే, ముక్కు వెనక, గొంతు పైభాగంలో అడినాయిడ్స్ అనే మెత్తటి కండ ఉంటుంది. గొంతుకు రెండు పక్కలా టాన్సిల్స్. రెండూ ఒంటికి కాపలా కాసేవే. రెండేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా గాలి దారి కొలతతో పోలిస్తే ఇవి బాగా పెద్దవిగా ఉంటాయి. మెలకువలో కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి పెడతాయి. నిద్రలో ఆ బిగువు సడలుతుంది, దారి మూసుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి నిద్రను తెంచి ఊపిరి తీయిస్తుంది. పిల్లవాడికి మెలకువ వచ్చిన సంగతి కూడా తెలియదు. రాత్రంతా ఇదే తంతు. దీన్ని స్లీప్ అప్నియా అంటారు. నూటికి ఒకరి నుంచి ఐదుగురు పిల్లలకు ఉంటుందని వైద్యుల అంచనా. అంటే మామూలు తరగతి గదిలో ఒక పిల్లవాడైనా ఉండొచ్చు.

పెద్దవాళ్ళకు ఈ జబ్బు ఉంటే పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తారు, ఇట్టే తెలిసిపోతుంది. చిన్నపిల్లల్లో చాలామందికి ఇది పూర్తిగా తలకిందులు. నిద్ర చాలని పిల్లవాడు తూలిపోడు, ఎగురుతాడు. ఒకచోట నిలవడు, గొడవపడతాడు, అరుస్తాడు. చూసేవాళ్ళకు వీడికి ఒంట్లో శక్తి ఎక్కువైందనిపిస్తుంది. అందుకే చురుకుదనం ఎక్కువైన జబ్బనీ, శ్రద్ధ లేని జబ్బనీ పేరు పెట్టేస్తాం. ఆ జబ్బులు లేవనడం లేదు. ఆ పేరు పెట్టేముందు గురక పెడతాడా అని అడగాలంటున్నాను. మా వాడి టీచర్ అడగలేదు. పిల్లల డాక్టరు జలుబు మందు ఇచ్చినప్పుడల్లా నేను చెప్పలేదు. గురక కూడా డాక్టరుకు చెప్పుకునే విషయమని నాకు తోచలేదు.

ఎక్స్‌రే తీశారు. కొన్ని వారాలు ముక్కులో స్ప్రే వాడించారు. తగ్గలేదు. హైదరాబాదులో ఒక రాత్రి పడుకోబెట్టి, తలకూ ఛాతీకీ వైర్లు అంటించి, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి నిద్రను కొలిచారు. ఆ తర్వాత ఆ కండలు తీసేసే ఆపరేషన్. ఇంటికొచ్చిన పదో రోజో ఏమో, రాత్రి నాకు మెలకువ వచ్చింది. గది నిశ్శబ్దంగా ఉంది. గుండె ఝల్లుమని వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. నోరు మూసుకుని, ముక్కుతో, చల్లగా ఊపిరి తీస్తున్నాడు. ఆ రెండేళ్ళలో వాడి నిద్ర చప్పుడు లేకుండా ఎలా ఉంటుందో అదే మొదటిసారి విన్నానేమో.

ఇక్కడ ఒక జాగ్రత్త. నా కథ చదివి అందరూ ఆపరేషన్‌కి పరిగెత్తకండి. అమెరికాలో ఈ జబ్బు ఉన్న 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మందితో పెద్ద పరీక్ష చేసి 2013లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగతావాళ్ళను ఏడు నెలలు గమనిస్తూ ఊరుకున్నారు. ఆపరేషన్ అయినవాళ్ళలో 79 శాతం మందికి నిద్రలో ఊపిరి మామూలైపోయింది. ఊరుకున్నవాళ్ళలోనూ 46 శాతం మందికి దానంతటదే మామూలైంది. ఆపరేషన్ అయినవాళ్ళ నడవడి, నిద్ర, రోజువారీ సుఖం బాగా మెరుగయ్యాయి. కానీ శ్రద్ధను కొలిచే అసలు పరీక్షలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఎవరికి కత్తి కావాలి, ఎవరికి ఓపిక కావాలి అన్నది డాక్టరు చూసి తేల్చాల్సిన సంగతి. మన పనల్లా ఆ వీడియో తీయడం. వారంలో మూడు నాలుగు రాత్రులకు మించి గురక పెట్టే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తీయాలి.

మా వాడి నిద్ర కుదురుకున్నాక రెండు నెలలకు పక్క తడపడం ఆగింది. ఆ ఏడాది నిక్కర్లు పొట్టివయ్యాయి. కోపం? కోపం పోలేదు, వాడి తండ్రి కోపమే అది. కానీ వచ్చిన కోపం తగ్గడం మొదలైంది. ఏడుపు మొదలైతే ఎక్కడో ఒకచోట ఆగేది. తేడా అక్కడే కనబడింది నాకు.

ఆ తేడాను కొలిచినవాళ్ళున్నారని తర్వాత తెలిసింది. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రెయుట్ గ్రూబర్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఏ జబ్బూ లేని 7 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 34 మందిని తీసుకున్నారు. ఐదు రాత్రులు కొందరు తొందరగా పడుకున్నారు, కొందరు ఆలస్యంగా. తొందరగా పడుకున్నవాళ్ళకు అదనంగా దొరికింది సగటున 27 నిమిషాలు. ఆలస్యంగా పడుకున్నవాళ్ళకు తగ్గింది 54 నిమిషాలు. ఎవరు ఏ గుంపో బడిలో టీచర్లకు చెప్పకుండా, పిల్లల ప్రవర్తనకు మార్కులు వేయమన్నారు. అరగంట కూడా నిండని ఆ అదనపు నిద్రతో పిల్లల ఉద్వేగాలు నిలకడపడ్డాయి, దుడుకుతనం తగ్గింది. గంట కూడా నిండని ఆ లోటుతో ఏడుపులు, చిరాకు, దుడుకు పెరిగాయి. నన్ను కదిలించింది టీచర్ల మాట. ఏమీ తెలియకుండానే వాళ్ళ కళ్ళకు తేడా కనబడింది. అంటే ఇన్నేళ్ళూ నా కళ్ళకూ కనబడుతూనే ఉండాలి. దానికి నేను పెట్టుకున్న పేరు వేరు.

చదువు సంగతికి వస్తే, టెల్ అవీవ్‌లో ఆవి సాదే అనే పరిశోధకుడి బృందం 2003లో నాలుగు, ఆరు తరగతుల పిల్లలు 77 మందితో ఇలాంటిదే చేసింది. మూడు రాత్రులు గంట తొందరగానో గంట ఆలస్యంగానో పడుకోమన్నారు. ఆ తర్వాత పెట్టిన పరీక్షల్లో, నిద్ర పెరిగినవాళ్ళకు, తగ్గినవాళ్ళకు మధ్య వచ్చిన తేడా రెండేళ్ళ వయసు తేడాకు తక్కువేమీ కాదు. ట్యూషన్‌కు నెలకు వేలు కడుతున్నాం. ఈ గంటకు ఫీజు లేదు.

ఒంటి సంగతి ఇంకొంచెం. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. రాత్రి పదకొండింటికి పిల్లలు చిప్స్ ప్యాకెట్ వెతుక్కునేది అందుకే. తక్కువ నిద్రకూ పిల్లల ఊబకాయానికీ ఉన్న ముడి దేశదేశాల అధ్యయనాల్లో కనబడుతూనే ఉంది. జలుబులు, జ్వరాలు తట్టుకునే బలం కూడా నిద్రతోనే ముడిపడి ఉంది.

ఇదంతా తెలిశాక నా తరగతి గది నాకు వేరేగా కనబడడం మొదలైంది.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. రెండో పీరియడ్‌కల్లా తల బెంచీకి ఆనేది. ఒకసారి డస్టర్‌తో బల్ల మీద కొట్టి లేపాను, అందరూ నవ్వారు. సాయంత్రం పిలిచి అడిగాను. "మిరపతోటలకు అమ్మ పోతది మేడం. ఐదింటికల్లా ఆటో వస్తది. నేను నాలుగింటికి లేచి వంట జేస్తా." రాత్రి ఎన్నింటికి పడుకుంటావంటే, ఇల్లంతా ఒకటే గది, నాన్న వచ్చి టీవీ చూసి పడుకునేదాకా లైటు తీయరంది. పది, పదిన్నర. మిరప ఏరివేతలు జనవరిలో మొదలైతే ఏప్రిల్ దాకా సాగుతాయి. సరిగ్గా మా పరీక్షల కాలం. ఆ పిల్ల తమ్ముడు ఏడో తరగతి, అదే బళ్ళో. వాడు ఆరున్నరకు లేస్తాడు. క్లాసులో హుషారుగా ఉంటాడు. తెలివైనవాడని మేమంతా అనుకునేవాళ్ళం.

ఆ తర్వాత మా పిల్లల్ని ఒక చీటీ మీద పడుకునే వేళ, లేచే వేళ రాయమన్నాను. ఆ చీటీలు ఇంకా నా బీరువాలో ఉన్నాయి. తక్కువ నిద్ర ఉన్న చీటీల్లో ఎక్కువ ఆడపిల్లలవే. దోమలని ఒకరు, కరెంటు పోయిందని ఒకరు, నాయనమ్మకు దగ్గని ఒకరు, నాన్న తాగొచ్చాడని ఒకరు రాశారు. నిద్ర గురించి పత్రికల్లో రాసేవాళ్ళు ఫోన్లు పక్కన పెట్టండి, పిల్లలకు విడిగా చీకటి గది ఉండాలి అంటుంటారు. మా పిల్లలకు విడిగా గది లేదు, విడిగా మంచం లేదు. నిద్ర కూడా ఉన్నవాళ్ళకు ఒక రకంగా, లేనివాళ్ళకు ఒక రకంగా దక్కుతోందన్న సంగతి ఆ చీటీలు చూసేదాకా నాకు తట్టలేదు. బీదవాడి పిల్ల బడిలో వెనకబడితే తెలివి లేదంటాం, శ్రద్ధ లేదంటాం. నాలుగింటికి లేచి పొయ్యి ముట్టించిన పిల్ల ఆమ్లాలు, క్షారాలు ఎలా గుర్తుపెట్టుకుంటుంది?

ఒక చీటీలో "కాళ్ళు లాగుతయి, నిద్ర రాదు" అని ఉంది. ఎదిగే పిల్లలకు కాళ్ళు లాగుతాయిలే అని మా అమ్మమ్మ కూడా పిక్కలు పిసికేది. కొందరు పిల్లల్లో ఇది అంతటితో పోయేది కాదు. పడుకోగానే కాళ్ళలో ఏదో పాకుతున్నట్టు, కదిలిస్తే గానీ తీరనట్టు ఉంటుంది. కాళ్ళు కుదురుగా ఉండనివ్వని ఈ జబ్బుకూ ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గడానికీ సంబంధం ఉందని వైద్యానికి తెలుసు. మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. బడిలో వారానికొకసారి మేమిచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అందుకే. పిల్లలు దాన్ని కిటికీలోంచి పారేస్తారు, కడుపులో తిప్పుతుందని. అన్నం తిన్న తర్వాత మింగిస్తే అంత తిప్పదు. మధ్యాహ్న భోజనమయ్యాక, నా ముందే మింగేలా ఇప్పుడు గురువారం గురువారం నేనే నిలబడుతున్నాను. ఆ చీటీ రాసిన పిల్లను పరీక్షకు పంపితే హిమోగ్లోబిన్ 8 మాత్రమే ఉంది.

ఇక రాత్రుళ్ళు కేకలు పెట్టే పిల్లలు. మా వీధిలో నాలుగేళ్ళ బాబు పడుకున్న గంటన్నరకు లేచి కూర్చుని, కళ్ళు తెరిచి, గుండెలవిసేలా అరిచేవాడు. తల్లి ఎత్తుకుంటే తల్లినే తోసేసేవాడు. పొద్దున ఏమీ గుర్తుండదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇది గాఢ నిద్రలోంచి సగం మెలకువ, సగం నిద్రగా బయటపడడం వల్ల జరుగుతుంది. చాలామందిలో వయసుతో పోతుంది. నిద్ర చాలకపోతే, జ్వరమొస్తే, గురక జబ్బుంటే ఎక్కువవుతుంది. ఎప్పటికంటే అరగంట ముందు పడుకోబెట్టమన్నాను. దిష్టి తీస్తానంటే తీయమన్నాను, ఆ ఉప్పు మిరపకాయల వల్ల పిల్లవాడికి నష్టం లేదు. నష్టమంతా, నిద్రపోతాడని దగ్గు మందు పట్టించే ఇళ్ళలో ఉంది. మత్తు వేరు, నిద్ర వేరు. ఊపిరి దారి ఇరుకైన పిల్లవాడికి మత్తు ప్రమాదం.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. నిద్ర గురించి నోరు తెరిస్తే మా స్టాఫ్ రూములోనూ, మా బంధువుల్లోనూ ఒకే మాట. "మేం తెల్లవారుజామున నాలుగింటికి లేచి లాంతరు బుడ్డి దగ్గర చదివి పైకొచ్చాం. బ్రహ్మముహూర్తంలో చదివితే మెదడుకు ఎక్కుతుంది. మీ పిల్లలు కుంభకర్ణులు."

మా నాన్న కూడా ఈ మాటే అనేవాడు. ఒకరోజు కూర్చోబెట్టి అడిగాను. "నాలుగింటికి లేచేవాడివి సరే నాన్నా, ఎన్నింటికి పడుకునేవాడివి?" ఆలోచించాడు. "పొద్దుగూకితే తినేవాళ్ళం. ఏడున్నర, ఎనిమిది. కిరసనాయిలు దండగని మీ నాయనమ్మ బుడ్డి ఆర్పేసేది." ఎనిమిది నుంచి నాలుగు. ఎనిమిది గంటలు. ఆరుబయట నులక మంచం మీద, చీకట్లో, చప్పుడు లేకుండా, ఒకే విడతలో. ఈ పూట ఏ నిద్ర వైద్యుడిని అడిగినా ఎదిగిన పిల్లవాడికి అదే రాసిస్తాడు. ఆ బతుకులోంచి మనం నాలుగు గంటల లేవడాన్ని మాత్రం పట్టుకొచ్చాం. ఎనిమిది గంటల పడకను అక్కడే వదిలేశాం. పిల్లవాడు రాత్రి పదకొండు దాకా హోంవర్కు, ట్యూషన్, టీవీ చప్పుళ్ళ మధ్య ఉండి, మళ్ళీ తాతగారిలా నాలుగున్నరకు లేవాలి. లేవకపోతే కుంభకర్ణుడు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో లెక్క చెప్పింది. మూడు నుంచి ఐదేళ్ళవాళ్ళకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ళవాళ్ళకు 9 నుంచి 12. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళవాళ్ళకు 8 నుంచి 10. మీ ఇంట్లో పిల్ల ఎన్ని గంటలు పడుకుంటోందో ఈ రాత్రి లెక్కేయండి. మంచమెక్కిన వేళ కాదు, నిద్ర పట్టిన వేళ నుంచి.

మా పెద్దమ్మాయి ఇంటర్ మొదటి ఏడాది. పోయిన జూన్‌లో హాస్టల్లో వేశాం. ఊళ్ళో అందరూ వేస్తున్నారని వేశాం, వేరే కారణం లేదు. పొద్దున ఐదింటికి బెల్లు. ఐదున్నరకు స్టడీ అవర్. రాత్రి పదిన్నరకు ఆఖరి స్టడీ అవర్ ముగుస్తుంది. బట్టలు, నీళ్ళు, బాత్రూం దగ్గర వరస అన్నీ అయ్యేసరికి పదకొండున్నర. ఆదివారం పరీక్ష. ఐదున్నర గంటల నిద్ర, రోజూ, వారానికి ఏడు రోజులూ.

ఈ వయసు పిల్లల శరీరం ఒక సంగతి చెబుతుంది, మనం వినం. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరి నిద్ర వేళైందని ఒంటికి కబురు పంపుతుంది. యుక్తవయసులో ఆ కబురు గంట, రెండు గంటలు ఆలస్యంగా వస్తుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాల పాటు దీని మీదే పనిచేశారు. పదహారేళ్ళ పిల్లకు రాత్రి తొమ్మిదికి నిద్ర రాకపోవడం బద్ధకం కాదు, ఎదుగుదలలో ఒక మెట్టు. అలాంటి ఒంటికి పొద్దున ఐదంటే ఇంకా నడిరాత్రే. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే పెద్ద తరగతుల బడులు ఎనిమిదిన్నరకు ముందు తెరవొద్దంది. సియాటిల్ నగరం 2016లో హైస్కూలు బెల్లును 7:50 నుంచి 8:45కి మార్చితే పిల్లల నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగింది. ఆలస్యంగా తెరిస్తే ఆలస్యంగా పడుకుంటారన్న భయం నిజం కాలేదు. కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసింది, 2022 నుంచి అమలవుతోంది. అంత దూరం ఎందుకు, మన పక్కనే మహారాష్ట్ర. 2024 ఫిబ్రవరిలో, నాలుగో తరగతి దాకా పిల్లలకు ఉదయం తొమ్మిదికి ముందు బడి పెట్టొద్దని ఉత్తర్వు ఇచ్చింది, పిల్లల నిద్ర చాలడం లేదనే కారణంతోనే. అదే ఏడాది జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు వద్దని, మరీ పొద్దున్నే, మరీ రాత్రి పెట్టొద్దని ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ హాస్టళ్ళలో చదువుకునే పిల్లలకు ఈ మాట ఎప్పుడు అందుతుంది?

సెప్టెంబరులో ఒక ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, చదివినట్టే ఉంటుంది, ఏదీ గుర్తుండట్లేదు. నాకు బుర్ర లేదేమో." ఏడవలేదు, మామూలుగా చెప్పింది. నాకు అదే భయమేసింది. పగలు చదివింది రాత్రి నిద్రలోనే మెదడులో కుదురుకుంటుంది. నిద్ర తెంచి చదివించడమంటే నాటు వేసిన మడిలో నీళ్ళు తీసేసి మళ్ళీ నాట్లు వేయడం. పిల్ల మాత్రం తప్పు తనదే అనుకుంటుంది. నిద్ర చాలని కుర్రవయసులో దిగులు, నిరాశ, బతకాలని లేదన్న ఆలోచన ఎక్కువవుతాయని చూపించిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. ఇంటర్ ఫలితాల రోజు మన పత్రికల్లో వచ్చే వార్తలు చదివి, ఒత్తిడి అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ఆ పిల్లలు అంతకుముందు ఏడాదంతా ఎన్ని గంటలు పడుకున్నారని అడిగిన వార్త నేనింతవరకూ చదవలేదు. నిద్ర ఒక్కటే కారణమని నేననను. నిద్రపోయిన పిల్లకు ఓర్చుకునే బలం కొంచెం ఎక్కువగా ఉంటుందని మాత్రం గట్టిగా అంటాను. ఇది చదివేవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా పిల్లలు అలాంటి మాట అంటుంటే, 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు.

దసరా సెలవులకు వచ్చి మొదటి రోజు పధ్నాలుగు గంటలు పడుకుంది. "ఆడపిల్ల, సూర్యుడు నడినెత్తికొచ్చినా లేవదేమిటే" అని అత్తయ్య రెండుసార్లు తలుపు దాకా వెళ్ళింది. రెండుసార్లూ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. మూడోసారి తనే వెళ్ళి, లోపలికి తొంగి చూసి, ఫ్యాను వేగం పెంచి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

సెలవులయ్యాక మేం ఐదుగురు తల్లులం, ఒక తండ్రి కలిసి ఆ కాలేజీకి వెళ్ళాం. అడిగింది రెండే. పొద్దున బెల్లు ఆరింటికి కొట్టండి. రాత్రి ఆఖరి స్టడీ అవర్ తొమ్మిదిన్నరకు ఆపండి. నేను అధ్యయనాల కాగితాలు కూడా అచ్చు తీయించి పట్టుకెళ్ళాను. కాలేజీ పెద్దాయన ఓపిగ్గానే విన్నారు. "మేడం, ఇక్కడ బెల్లు ఆరింటికి కొడితే, వచ్చే ఏడాది మీ పక్కింటివాళ్ళే ఐదింటికి కొట్టే కాలేజీలో చేరుస్తారు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే జూన్‌లో ఆ పక్కింటివాళ్ళం మేమే. బ్రోచర్‌లో పద్నాలుగు గంటల స్టడీ అని చూసి, డబ్బుకు తగ్గ చదువనుకుని సంతకం పెట్టింది నేనే.

చివరికి ఆదివారాలు మాత్రం ఏడింటికి బెల్లు అన్నారు. పరీక్ష పదింటికి జరిపారు. మా అమ్మాయి ఆ మొదటి ఆదివారం ఫోన్ చేసి, "అమ్మా, ఇవాళ టిఫిన్ రుచిగా ఉంది" అంది.

మిగతా ఆరు రోజుల కోసం సంక్రాంతి సెలవులయ్యాక మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి పదకొండు మందిమి.